ఇటలీ మాస్కుల కామెడీ మన స్టేజీ మీద ఆడించాలంటే: మాస్కు ఎవరికి పెట్టాలి, యాస ఎవరికి పెట్టాలి?

కోటజంక్షన్:
అందరికీ నమస్కారం, మాది విజయనగరం. మా కాలేజీ యానివర్సరీకి ఈసారి మైమూ సినిమా స్పూఫూ కాకుండా కొత్తగా ఏదైనా చేద్దామని బ్యాచ్ అంతా కూర్చుని కమేడియా దెల్లార్తే అనే ఇటలీ మాస్కుల కామెడీ పట్టుకున్నాం. తెలియనోళ్ళకి చెప్తున్నా, 1500ల్లో ఇటలీ ఊళ్ళల్లో బల్లలేసి ఆడేవారట. పిసినారి ముసలి షావుకారు పాంటలోనే, నోరు తెరిస్తే మూయని పండితుడు దొత్తోరే, కోతలరాయుడు సిపాయి కపితానో, ఎప్పుడు చూసినా ఆకలే అనే పనోడు ఆర్లెక్కీనో, వీళ్ళంతా ప్రతి నాటకంలోనూ అదే వేషంతో అదే బుద్ధితో వస్తారు, కథ మాత్రం మారుద్ది. డైలాగులు రాసి ఉండవు, కథ ఒకట్రెండు కాయితాల్లో రాసి తెర వెనకాల తగిలించీసి ఆడీడమే.

చదివినప్పుడు భలేగుంది గాని దిగాక తెలుస్తంది. ఆన్‌లైన్‌లో మాస్కులు తెప్పించాం, ఈకలూ మెరుపులూ ఉన్నవి, మొహం మొత్తం కప్పీసి ఉన్నాయి, పెట్టుకుంటే లోపల మాట్లాడింది లోపలే ఉండిపోతంది. పనిపిల్ల కొలొంబీనా వేషం చేసే అమ్మాయేమో మాస్కయితే నేను చెయ్యను, మా అమ్మావాళ్ళు నా మొహం చూడ్డానికే కదా వస్తారు అని భీష్మించుకుని కూర్చుంది. పోనీ సొంతంగా డైలాగులు వెయ్యండ్రా అంటే ఒకడు ఏటి బావున్నావా అంటాడు, ఇంకోడు బావున్నాను అంటాడు, అక్కడితో అయిపోయింది, ఇద్దరూ నా వైపు చూస్తారు.

అసలు గొడవ ఇంకోటి ఉంది. ఆర్లెక్కీనో పల్లెటూరి పనోడు కాబట్టి వాడికి శ్రీకాకుళం యాస పెడదాం, మిగతా అందరూ మామూలు తెలుగు మాట్లాడతారు అన్నారు మావాళ్ళు కొందరు. మా టీంలో పలాస వైపు కుర్రాడొకడు ఉన్నాడు, వాడికి ఎక్కడో కాలింది, సినిమాల్లో చేసింది చాలదా మీరూ మొదలెట్టేరా అని రిహార్సల్ మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. వాడే మా బెస్ట్ యాక్టర్. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి, ఇటలీ వాళ్ళు ఈ యాసల సంగతి ఎలా చేసేవారో తెలిసినా చెప్పండి.

పాత_రంగస్థలం:
బాబూ, ముందు ఆ ఈకల మాస్కులు వెనక్కి పంపించీ. అవి వెనిస్ కార్నివాల్ మాస్కులు, ఊరంతా మొహం దాచుకుని తిరగడానికి. వాటికీ స్టేజీకీ సంబంధం లేదు. పొడుగు పక్షి ముక్కు మాస్కు ఒకటి కూడా దొరుకుద్ది, ప్లేగు డాక్టర్ది, దాన్ని దొత్తోరే అని చెప్పి అమ్మీస్తున్నారు, కొనకండి. స్టేజీ మాస్కు తోలుతో చేస్తారు, నుదుటి నుంచి పై పెదవి దాకా ఉంటాది, నోరూ గడ్డం ఖాళీ. మాట వినపడాలి కదా మరి. దొత్తోరేకైతే ఇంకా తక్కువ, నుదురూ ముక్కూ మాత్రమే కప్పి బుగ్గలు వదిలేస్తారు, తాగీ తినీ ఎర్రబడ్డ బుగ్గలు జనానికి కనపడాలని.

మీ కొలొంబీనా అమ్మాయికి చెప్పు, ఆవిడకి మాస్కు అక్కర్లేదు. పనిపిల్ల కొలొంబీనా చాలావరకు ఉత్త మొహంతోనే వస్తాది, ప్రేమికుల జంటకి అసలే ఉండదు. మాస్కులన్నీ ముసలాళ్ళకీ పనోళ్ళకీ కపితానోకీ. నేనైతే దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: ఎవడి బుద్ధి ఎప్పటికీ మారదో వాడికి మాస్కు. పాంటలోనే డబ్బు పిచ్చి చచ్చేదాకా పోదు, ఆర్లెక్కీనో ఆకలి ఎంత తిన్నా తీరదు, వంకర ముక్కూ ముడతలూ నుదుటి మీద బొప్పీ ఆ సంగతి ముందే చెప్పీసినట్టు. ప్రేమించినోళ్ళ మొహం నిమిషానికోలా మారుద్ది గనక వాళ్ళకి పెట్టరు.

ఇంక సొంత డైలాగుల గురించి. డైలాగు రాసుండదు అంటే ఏమీ తెలియకుండా ఎక్కేవారని కాదయ్యా. ఒక్కొక్కడూ జన్మంతా ఒకటే వేషం కట్టేవాడు, ఆ వేషానికి తగ్గ మాటలు నోట్‌బుక్కులో రాసుకుని బట్టీ కొట్టేవాడు, ప్రేమ మీద ఇన్ని, అలక మీద ఇన్ని, కోతలు ఇన్ని, శాపనార్థాలు ఇన్ని. ఏ కథయినా సరే సందర్భం రాగానే అందులోంచి తీసి వదిలేవాడు. ఫ్రాంచెస్కో ఆంద్రెయీని అని కపితానో వేషంలో పేరు మోసినాయన తన కోతలన్నీ కలిపి 1607లో పుస్తకమే వేయించాడు. మీ కుర్రాళ్ళు బావున్నావా దగ్గర ఆగిపోయారంటే జేబులో సరుకు లేకుండా ఎక్కేరన్నమాట. ముందు ఒక్కొక్కణ్ణీ వాడి వేషం మాటలు ఒక పది రాసుకు రమ్మను.

మాటలే కాదు, లాట్సి అని చిన్న చిన్న చేష్టల ముక్కలు కూడా రెడీగా ఉండేవి, కథ ఎక్కడ నీరసపడితే అక్కడ తగిలించడానికి. అన్నిట్లోకీ పేరున్నది ఈగ ముక్క. ఆర్లెక్కీనో ఆకలితో కూర్చునుంటాడు, ఈగ వస్తాది. చేతిలో ఏమీ ఉండదు, అంతా అభినయమే. కళ్ళు కాదు, తల మొత్తం తిప్పి దాన్ని చూస్తాడు, ఎందుకంటే మాస్కుకి కంటి బెజ్జాలు చిన్నవి, కనుగుడ్లు తిప్పితే వెనక బెంచీ వాడికి తెలీదు. ఈగ ఎటెళ్తే ముక్కు అటెళ్ళాలి. పట్టుకుంటాడు, చెవి దగ్గర పెట్టి వింటాడు, ఒక రెక్క తీస్తాడు, ఇంకో రెక్క తీస్తాడు, పెళ్ళి భోజనం తిన్నట్టు నిదానంగా నములుతాడు. ఇది వచ్చినోడికి మాస్కు వచ్చినట్టే. మీవాళ్ళ చేత వారం పాటు ఇదొక్కటే చేయించు, కథ తరవాత చూసుకోవచ్చు.

ఇంకో మాట, మాస్కుని చేత్తో ముట్టుకోకూడదు, సర్దుకోకూడదు. ముట్టుకున్నావా అది అట్టముక్కని జనానికి గుర్తొచ్చీసుద్ది.

నాగావళి_ఒడ్డు:
మీ పలాస తమ్ముడు లేచి వెళ్ళిపోయాడంటే నాకు ఆశ్చర్యం లేదు, నేనైనా వెళ్ళిపోదును. మాది శ్రీకాకుళమే. పనిమనిషంటే మన యాస, వాచ్‌మేనంటే మన యాస, హీరో ఇంట్లో అందరూ ఒకలా మాట్లాడతారు కాఫీ తెచ్చే మనిషి మాత్రం ఓలమ్మో అంటాది, హాలంతా నవ్వు. ఇన్నేళ్ళు చూసి చూసి ఉన్నాం.

అయితే ఇటలీ వాళ్ళ సంగతి తీస్తే ఇందులో చిత్రం ఉన్నాది. ఆర్లెక్కీనో ఊరు బెర్గామో, కొండల పక్కన ఊరు, అప్పట్లో వెనిస్ ఏలుబడిలో ఉండేది. అక్కడి కొండ పల్లెల నుంచి జనాలు పనుల కోసం వెనిస్ వచ్చీసి రేవులో మూటలు మోసేవారు. మనోళ్ళు హైదరాబాదు, చెన్నై బిల్డింగు పనులకి బయల్దేరి వెళ్ళినట్టే. సిటీ వాళ్ళకి ఆ యాస నవ్వులాట, ఆ ఆకలి నవ్వులాట, అందులోంచే పుట్టింది ఈ పనోడి వేషం. అంటే మీవాళ్ళు చెప్పిన ఐడియా కొత్తదేం కాదు, నాలుగొందల ఏళ్ళ పైబడి ఉన్నాది.

కానీ మీరు ఒక ముక్క వదిలీసారు. అక్కడ యాస పనోడికి ఒక్కడికే కాదు. పాంటలోనే వెనిస్ యాస, అంటే సిటీ షావుకారు యాస కూడా యాసేనని స్టేజీ మీద నవ్వేవారు. దొత్తోరే బొలోన్యా వాడు, యూనివర్సిటీ ఊరు, వాడు తప్పుల లాటిన్ కలిపి దంచుతాడు. కపితానో చాలాసార్లు స్పెయిన్ వాడు, అప్పట్లో మిలానూ నేపుల్సూ స్పెయిన్ చేతిలో ఉన్నాయి, ఆ దొరల మీద కడుపుమంటంతా ఆ కోతలరాయుడి మీద తీర్చుకునేవారు. పుల్చినెల్లా అని ఇంకో పనోడు, వాడిది నేపుల్స్ యాస. పుస్తకాల భాష, టస్కనీ వాళ్ళది, మాట్లాడేది ప్రేమికులు మాత్రమే, నన్నడిగితే నాటకం మొత్తంలో బోరు కొట్టేది వాళ్ళిద్దరే.

అందుకే మీ ప్లాన్‌లో తప్పు ఆర్లెక్కీనోకి మన యాస పెట్టడం కాదు, మిగతా అందరికీ "మామూలు తెలుగు" పెట్టడం. అదే ఎక్కడిది మామూలు? పాంటలోనేకి మన గంటస్తంభం దగ్గర షావుకారు మాట పెట్టండి, దొత్తోరేకి సగం సంస్కృతం సగం ఇంగ్లీషు ముక్కలు పెట్టండి, కపితానోకి వైజాగ్ నుంచో ఇంకా పైనుంచో దిగిన జిమ్ము బాడీ మాట పెట్టండి. కపితానోని మాజీ సైనికుడు మాత్రం చెయ్యొద్దు, మన రెండు జిల్లాల్లో ఏ ఊరెళ్ళినా ఆర్మీలో ఉన్నోళ్ళ ఇళ్ళుంటాయి, ముందు వరసలో కూర్చున్న నాన్నలకి నవ్వు రాదు. అప్పుడు ఆర్లెక్కీనో "నాను పొద్దుటేల నుంచి ఏటీ తిన్లేదు బాబూ, తవరు తిన్నాక మిగిలింది సూద్దారని నిల్సున్నాను" అంటే అది యాసని చూసి నవ్విన నవ్వు అవ్వదు, ఆ షావుకారుని చూసి నవ్విన నవ్వు అవుద్ది. ఆ వేషం పలాస తమ్ముడికే ఇవ్వండి, వాడి మాటలు వాడినే రాసుకోమనండి, ఇంకోడు రాసి వాడి నోట్లో పెట్టొద్దు.

విమర్శ_వీరుడు:
ఇదంతా బానే ఉంది గాని ఇటలీ దాకా పోవాలా. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా జుట్టుపోలిగాడూ ఉన్నారు కదా, రామాయణమైనా భారతమైనా మధ్యలో దూరి నవ్వించేది వాళ్ళే, ఏ కథైనా వాళ్ళు మారరు. మన తూర్పు భాగవతం ఉంది, పగటివేషాలు ఉన్నాయి. ఇంట్లో ఉన్నది కనపడదు మనకి.

పాత_రంగస్థలం:
కేతిగాడి మాట బావుంది, కాదనను. కానీ తేడా ఒకటి ఉన్నాది. కేతిగాడు కథకి పక్కన ఉంటాడు. యుద్ధం ఆపి వచ్చి నవ్వించి పోతాడు, రావణుడు చచ్చేది కేతిగాడి వల్ల కాదు. ఆర్లెక్కీనో అలా కాదు, ఉత్తరం తప్పు చేతిలో పెట్టీది వాడే, రెండు పెళ్ళిళ్ళు చెడగొట్టీది వాడే, కథ నడిచేదే వాడి ఆకలి మీద. గోల్డోనీ అనే ఇటలీ నాటక రచయిత 1745లో ఒక ఆర్లెక్కీనో వేషగాడి కోసం కట్టిన కథలో పనోడు రెండు జీతాలకి ఆశపడి ఇద్దరు యజమానుల దగ్గర ఒకేసారి కుదురుతాడు, ఒకడి సంగతి ఇంకొకడికి తెలీకూడదు. ఒకే సత్రంలో ఇద్దరికీ ఒకేసారి భోజనం వడ్డించాలి, ఈ గదికో ప్లేటు ఆ గదికో ప్లేటు, మధ్యలో వాడి నోట్లోకి ఇంత. ఆ సీన్ చూస్తే సీట్లో కూర్చోలేం.

మన ఊరి నాటకమే కావాలంటే 1892లో ఇక్కడే మొదట ఆడిన కన్యాశుల్కం చూడండి. లుబ్ధావధాన్లు ఉన్నాడు, పిసినారి, ముసలోడు, చిన్నపిల్లని కొనుక్కుని పెళ్ళాడదామనుకుంటాడు. అచ్చం పాంటలోనే బుద్ధి. ఆడపిల్ల వేషంలో మగపిల్లాణ్ణి తెచ్చి ఆ ముసలోడికి అంటగట్టడం చూస్తే ఇటలీ వాళ్ళు కూడా ఇది మాదే అంటారు. కానీ లుబ్ధావధాన్లు ఆ నాటకంలోనే పుట్టి ఆ నాటకంలోనే ఉండిపోయాడు, పాంటలోనే వందల కథల్లోకి అదే ఎర్ర మేజోళ్ళూ అదే నల్ల అంగీతో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంక గిరీశానికైతే మాస్కు పెట్టలేం, వాడు ఎవరి దగ్గర నిలబడితే వాళ్ళకి తగ్గ మొహం పెడతాడు.

అంకుడుకర్ర:
మాస్కులు ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. బొమ్మల పని చేసే ఇంట్లోవాణ్ణి.

ఇటలీ పద్ధతేంటంటే ముందు కర్రతో ఆ మొహం అచ్చు చెక్కుతారు, దాని మీద తడిపిన తోలు వేసి సాగదీసి అంచుల చుట్టూ మేకులు కొట్టీస్తారు, తరవాత కొమ్ముతో చేసిన సుత్తితో నెమ్మదిగా కొడుతూ ముడతల్లోకీ ముక్కు పక్క పల్లంలోకీ దింపుతారు, ఆరాక తీస్తారు. ఆ పని మధ్యలో దాదాపు మరుగున పడిపోయింది. 1947లో మిలాన్‌లో స్ట్రేలర్ అనే డైరెక్టరు ఆ ఇద్దరు యజమానుల నాటకం మళ్ళీ వేసినప్పుడు పెట్టుకోడానికి సరైన మాస్కే లేదు, మొరెట్టి అనే యాక్టరు మొదట్లో మాస్కు నచ్చక మొహానికి నల్లరంగు పూసుకునే ఆడాడు. పాదువాలో అమ్లేతో సార్తోరి అనే శిల్పి కూర్చుని తోలు మాస్కు మళ్ళీ సాధించాడు, ఆ తరవాతే మొరెట్టి పెట్టుకున్నాడు. ఆయన తరవాత ఆ వేషం ఫెర్రుచ్చో సొలేరి అనే ఆయనకి వచ్చింది, ఎనభై దాటాక కూడా స్టేజీ మీద పిల్లిమొగ్గలేశాడు.

మీకు తోలు పని ఇప్పటికిప్పుడు అవ్వదు, కాయితంతో చెయ్యండి. కుండలు చేసేవాళ్ళ దగ్గర మట్టి తెచ్చుకుని వేషగాడి మొహం కొలత మీద అచ్చు చేసుకోండి, ముక్కూ కనుబొమలూ కావాల్సిన దానికంటే ఎక్కువే లేపండి, కాయితం పొరలు పడ్డాక తగ్గిపోతాయి. మైదా కంటే చింతపిక్కల పిండి ఉడికించిన జిగురు గట్టి. కాయితం పొర ఒకటి, పాత నూలు గుడ్డ పొర ఒకటి, అలా మార్చి మార్చి వెయ్యండి, నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే వంకరపోతాది. లోపల పక్క నుదురు తగిలేచోట స్పాంజి అతికించండి, లేపోతే చెమటకి జారిపోయి చేత్తో సర్దుకోవాల్సొస్తాది, అది కూడదని పైన మాస్టారు చెప్పారు కదా. రంగు మెరవకూడదు, లైటు పడితే మొహం కాస్తా అద్దమైపోతాది. ఆర్లెక్కీనోకి నల్ల మొహం, చిన్న గుండ్రటి కళ్ళు, నుదుటి మీద ఒక బొప్పి. పాంటలోనేకి ముదురు గోధుమ రంగు, వంకర ముక్కు, కిందకి అతికించిన పిల్లిగడ్డం. కపితానోకి ముక్కు ఎంత పొడుగు పెడితే అంత.

చేతికి కర్ర కూడా చేసుకోండి, రెండు పల్చటి చెక్కలు పిడి దగ్గర కట్టి చివర్న ఖాళీ వదలాలి, కొడితే టప్‌మని హాలంతా వినపడుద్ది, దెబ్బ మాత్రం తగల్దు.

బొబ్బిలి_పిల్ల:
ఆ ప్రేమికురాలి వేషం బోరని నాగావళి గారు తేల్చీసారు, నేను ఒప్పుకోను. ఇటలీలో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కింది ఈ కంపెనీలతోనే, 1564లో రోములో రాసుకున్న ఒక కంపెనీ ఒప్పందంలో సియెనా ఊరి లుక్రేజియా అని పేరు ఉన్నాది. మన దగ్గర సత్యభామ వేషం ఎన్ని తరాలు మగాళ్ళు కట్టారో ఆలోచించండి. ఇసబెల్లా ఆంద్రెయీని అని ఇంకో ఆవిడ, పైన మాస్టారు చెప్పిన కపితానో భార్య, ఎప్పుడూ ప్రేమికురాలి వేషమే. 1589లో ఫ్లోరెన్స్‌లో, ఆ ఊరినేలే మెడిచి వాళ్ళింటి పెళ్ళిలో ఆడినప్పుడు ప్రియుడి కోసం పిచ్చిదైపోయిన సీన్‌లో స్టేజీ మీద ఉన్న అందరి యాసలూ ఒక్కొక్కటీ దింపీసింది, పాంటలోనే యాస, పండితుడి యాస, పనోడి యాస, అందరివీ. ఉత్త మొహంతో. 1604లో లియోన్‌లో చనిపోయింది, ఇంకా చిన్న వయసే.

కాబట్టి మీ యాసల గొడవకి మందు అక్కడే ఉన్నాది. ఆఖర్న మీ హీరోయిన్‌కి పిచ్చి సీన్ పెట్టండి, షావుకారు మాటా పండితుడి మాటా జిమ్ము బాడీ మాటా పనోడి మాటా అన్నీ వరసగా దింపమనండి. వాళ్ళమ్మకి మొహం చూసిన తృప్తి, మీకు చప్పట్లు.

కోటజంక్షన్:
అందరికీ థాంక్సండీ, ఇంత వస్తాదనుకోలేదు. పలాస వాడికి ఈ థ్రెడ్ చూపించాం, నాగావళి గారి రిప్లై రెండుసార్లు చదివి ఆర్లెక్కీనో నేనే అన్నాడు, కానీ కండిషన్ పెట్టాడు, షావుకారు చేసేవాడు విజయనగరం మాట సరిగ్గా మాట్లాడాలట, టీవీ యాంకర్‌లా మాట్లాడితే కర్రతో కొడతానన్నాడు. మా కొలొంబీనా ఇప్పుడు పనిపిల్లా ప్రేమికురాలూ రెండూ తనకే కావాలంటంది, ఇదో కొత్త గొడవ. మాస్టారూ, ఈగ ముక్క మొదలెట్టాం, మా ఊళ్ళో ఈగ కంటే దోమ నయమని దోమ చేశాం, తప్పా? ఇంకోటి, అప్పట్లో కంపెనీల్లో ఇలా వేషాల కోసం కొట్టుకుంటే ఏం చేసేవారు?

పాత_రంగస్థలం:
దోమ భేషుగ్గా ఉంటాది, చెవి దగ్గర శబ్దం కూడా కలిసొస్తాది. రెక్కలు పీకడం మాత్రం వదలకు.

గొడవలంటావా, అందుకే ముందే కాయితం రాసుకునేవారు. 1545 ఫిబ్రవరిలో పాదువాలో ఎనిమిది మంది మగాళ్ళు కలిసి కంపెనీ పెట్టుకున్న ఒప్పందం ఇప్పటికీ ఉంది. పెద్దగా ఒకణ్ణి ఎన్నుకుని వాడు చెప్పినట్టు వినాలి, వచ్చిన డబ్బు ఉమ్మడి పెట్టెలో వెయ్యాలి, సామాను మొయ్యడానికి ఉమ్మడి డబ్బుతో గుర్రం కొనాలి, ఎవడికైనా జబ్బు చేస్తే అందులోంచే చూడాలి, తమలో తాము పేకాడితే తినే వస్తువుల మీదే తప్ప డబ్బు మీద ఆడకూడదు. నువ్వూ ఇవాళే ఒక కాయితం రాయించీ, పెద్దవి నువ్వే అని అందులో ఉండాలి. రెండు వేషాలూ ఒకమ్మాయికి ఇవ్వకు, పనిపిల్లా ప్రేమికురాలూ ఒకే సీన్‌లో ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవాల్సి వస్తాది, అప్పుడేం చేస్తావ్.

అంకుడుకర్ర:
కాలర్ మైకు మాస్కు అంచుకి తగిలితే గరగర శబ్దం వస్తాది, గుండీ దగ్గర కాకుండా కొంచెం కిందకి పెట్టుకోండి, లేపోతే స్టేజీ ముందు అంచున రెండు మైకులు పెట్టించండి చాలు.